కాగితానికెక్కని సాక్ష్యం

(వెలిమెలలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసం అనగానే వేదిక మీద ఒక పెద్దమనిషి ఫొటో, దానికో దండ, ముందు వరసలో ఆయన కుటుంబం కనిపిస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల ఊళ్లలో చెడిపోయిన నీళ్లతోనే వండి, ఉతికి, బర్లను కడిగి, నాట్లేసి వెళ్లిపోయిన ఆడవాళ్ల జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం ఉండాలని నిర్వాహకులు అనుకున్నారు. ఎన్ని పేర్లని రాస్తాం, ఎవరిని వదిలేస్తాం అని ఏ ఒక్కరి పేరూ పెట్టలేదట. ఆ నిర్ణయం వెనక మంచి మనసుంది. కాని అందులో నన్ను కలవరపెట్టే సంగతి కూడా ఒకటుంది. ఈ ప్రాంతపు కాలుష్యం మీద పుట్టినన్ని కాగితాలు తెలుగు నేలలో మరో చోటి కాలుష్యం మీద పుట్టి ఉండవేమో. కోర్టు ఉత్తర్వులు, కమిటీల నివేదికలు, విదేశీ పరిశోధన పత్రాలు కట్టలు కట్టలున్నాయి. వాటిలో కంపెనీల పేర్లున్నాయి, లాయర్ల పేర్లున్నాయి, రసాయనాల పేర్లయితే నోరు తిరగనన్ని ఉన్నాయి. నీళ్లు మోసిన మనుషుల పేర్లు వెతికినా దొరకడం కష్టం. ఎందుకు దొరకవన్నదే ఇవాళ నా విషయం.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి మెట్ట పంటల మీద పరిశోధన కోసం పెట్టిన అంతర్జాతీయ సంస్థ అది. ఆ దశాబ్దంలోనే దాని పొరుగున పారిశ్రామికవాడ మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచాక ఫ్యాక్టరీల రాక జోరందుకుంది. వెనుకబడిన జిల్లా కదా, రాయితీలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, కరెంటు వచ్చింది. మందుబిళ్లలకు మూలపదార్థం తయారుచేసే బల్క్‌డ్రగ్ కంపెనీలు వచ్చాయి. వాటి మురుగు ఎక్కడికి పోవాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఒకచోట శాస్త్రవేత్తలు మెట్ట రైతుకు మంచి విత్తనం కోసం తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఆ పక్కనే అదే రైతు పొలం దగ్గర పారే వాగులోకి మురుగు వదిలారు. ఈ జిల్లాకు జరిగిన మేలూ కీడూ ఒకే బస్టాపులో దిగాయనుకోండి.

నక్కవాగు పటాన్‌చెరు దగ్గరి నీళ్లను మోసుకుపోయి మంజీరలో కలుపుతుంది. పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లకు అది పంట వాగు, పశువుల వాగు, బట్టల వాగు. ఎనభైల నాటికి అది రంగులు మార్చే వాగయింది. బావులు చెడ్డాయి, తర్వాత బోర్లు చెడ్డాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వస్తున్న రోగుల జబ్బులకూ ఈ నీళ్లకూ లంకె ఉందని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్లవాళ్లు ఆయనతో కలిసి ఆందోళనలు చేశారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. 2001లో ఆ కేసు హైదరాబాద్ హైకోర్టుకు, ఆ తర్వాత చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచ్‌కు వెళ్లింది. అక్కడ తీర్పు వచ్చేసరికి 2017. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన ఆడపిల్లకు అప్పటికి 27 ఏళ్లు. అలాంటి చాలామందికి పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలు కూడా అదే బోరు కింద బిందె పెట్టే వయసుకొచ్చారు.

కేసు వల్ల ఏమీ జరగలేదని నేననను. సుప్రీంకోర్టు జోక్యంతోనే నష్టం అంచనా వేయించారు, బాధిత ఊళ్లకు తాగునీళ్లు ఇవ్వమన్నారు, రైతులకు పరిహారం ఇప్పించారు. ఇక్కడే నేను ఒక్క నిమిషం ఆగాలి. ఆ పరిహారం ఎలా లెక్కగట్టారు? ఎకరానికి ఇంత అని. ఎవరికి ఇచ్చారు? పట్టా ఉన్నవాళ్లకు. ఎండిపోయిన వరికి లెక్క ఉంది. ఆ మడిలో మోకాళ్ల లోతు నీళ్లలో వంగి నాటేసిన కూలి ఆడమనిషి కాళ్లకు లేచిన పొక్కులకు లెక్క లేదు. ఈ ఊళ్లలో పట్టాలు దాదాపుగా మగవాళ్ల పేర్ల మీదే ఉండేవి. దళితవాడలో అవీ ఉండవు. పాడి బర్రె ఈసుకుపోతే, పాలు తగ్గితే ఆ ఇంటి ఆడమనిషి చేతిలో ఆడే నాలుగు రూపాయలు ఆగిపోతాయి. దానికి ఏ సర్వే నంబరూ ఉండదు. న్యాయం భూమి రికార్డు వెంట నడిచింది. భూమి రికార్డులో లేనివాళ్లు న్యాయంలో కూడా లేకుండా పోయారు. ఎవరో కుట్ర చేసి వాళ్లను తప్పించలేదు. నష్టాన్ని కొలవడానికి మన వ్యవస్థ దగ్గరున్నది భూమి కొలిచే గొలుసొక్కటే.

ఇక సాక్ష్యం సంగతి చూద్దాం. నీళ్లు చెడ్డాయని ఊళ్లో మొదట ఎవరికి తెలుస్తుంది? ల్యాబు కంటే ముందు వంటింటికి తెలుస్తుంది. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. సబ్బు నురగ రాదు. బిందె అడుగున తెల్లగా పొర కడుతుంది. బర్రె ముట్టె పెట్టి వెనక్కి తీస్తుంది. ఇవి ముసలమ్మల చాదస్తాలు కావు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైన నీళ్లలో పప్పు గింజ మెత్తబడదు, సబ్బు విరిగిపోతుంది. బల్క్‌డ్రగ్ మురుగులో కరిగిన లవణాలు విపరీతంగా ఉంటాయని ఇంజనీర్లే చెబుతారు. ఆ సంగతి మన అత్తలకు పొయ్యి దగ్గరే తెలిసింది.

అయితే ఆ తెలివి కోర్టులో చెల్లదు. 1974 నాటి జల కాలుష్య చట్టం 21వ సెక్షన్ చూడండి. ఫ్యాక్టరీ మురుగు నమూనాను బోర్డు తరఫు అధికారే తీయాలి, ఫ్యాక్టరీ వాళ్లకు అక్కడికక్కడే నోటీసివ్వాలి, నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి. ఈ పద్ధతి తప్పితే ఆ పరీక్ష ఫలితం సాక్ష్యంగా పనికిరాదు. ఈ నిబంధనకు కారణం లేకపోలేదు. ఎవరో ఏదో సీసాలో పట్టుకొచ్చి ఫలానా కంపెనీదంటే ఒప్పుకోలేం కదా. కాని వాన పడ్డ అర్ధరాత్రి, వాగులోకి నురగ దిగినప్పుడు అక్కడ ఉండేది అధికారి కాదు. తెల్లారి అధికారి వచ్చేసరికి నురగ ఉండదు. చూసినవాళ్ల మాటకు సీలు లేదు. సీలు ఉన్న సీసాలో నురగ లేదు. ముప్పయ్యేళ్లు ఈ ప్రాంతంలో నడిచిన కథ ఇదే.

ఒకసారి మాత్రం సీసాలో నిజం పడింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది, పటాన్‌చెరు ఎన్విరోటెక్ అని. సుమారు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికి వచ్చేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేశామని వదులుతున్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైన. రోజుకు దాదాపు 45 కిలోల మందు వాగుపాలవుతోందని లెక్క తేలింది. బిళ్లలు చేస్తే 90 వేల మందికి ఒక పూట డోసు. దీనిలో ఇంకో మెలిక ఉంది. శుద్ధి కేంద్రంలో మురుగును తినే సూక్ష్మజీవులు బతకాలి కాబట్టి కంపెనీల మురుగులో ఇళ్ల మురుగు కలిపేవారు. అంటే మనుషుల పేగుల్లోని బ్యాక్టీరియాను తెచ్చి యాంటీబయాటిక్ తొట్టిలో ఈదించారన్న మాట. ఈత నేర్చినవి బతుకుతాయి. మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారయ్యేది ఇలాగే. ఈ సిప్రోఫ్లాక్ససిన్ మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఏళ్లుగా వాడుతున్న మందు. ఆ ఇన్ఫెక్షన్లు ఎవరికి ఎక్కువ వస్తాయో ఇక్కడున్న ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ పరిశోధనతో పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా మోగింది. 2009లో శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరపు మురుగులో కలిపి మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపడం మొదలుపెట్టారు. నక్కవాగుకు కొంత ఊపిరాడింది, మూసీకి బరువు పెరిగింది. ఈ ఊళ్ల గోడు మూసీ ఊళ్లకు బదిలీ అయింది. మందుల కంపెనీల మురుగులో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెప్పే పరిమితులతో కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది ప్రకటన వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. లార్సన్‌కు నేను కృతజ్ఞుణ్ణే. అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. స్వీడన్ నుంచి మనిషి వచ్చి చెబితే గాని మన వాగు సంగతి మనకు నిజం కాలేదెందుకు?

వంటింటి సాక్ష్యాన్ని కాగితానికి ఎక్కించినవాళ్లు లోకంలో లేకపోలేదు. 1978లో అమెరికాలోని నయాగరా ఫాల్స్ ఊళ్లో లవ్ కెనాల్ అనే పేట. పూడ్చిన రసాయనాల మీద బడి కట్టారు, ఇళ్లు కట్టారు. లోయిస్ గిబ్స్ అనే ఆవిడ తన కొడుకు జబ్బుతో మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగింది. ఎవరింట్లో గర్భస్రావమైంది, ఎవరి బిడ్డ లోపంతో పుట్టింది అని రాసుకుంది. వాటిని పేట పటం మీద గుర్తులు పెట్టి చూస్తే అవన్నీ పూడిపోయిన పాత వాగుల దారి వెంట వరస కట్టాయి. అధికారులు గృహిణుల లెక్కలని మొదట తీసిపారేశారు. చివరికి ఆ పేట ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980లో విషపు స్థలాల శుద్ధికి అమెరికా ప్రత్యేక చట్టమే చేసింది. మన దేశంలో భోపాల్ ఉంది. గ్యాస్ బాధితులైన రషీదా బీ, చంపాదేవి శుక్లా ఒక స్టేషనరీ కర్మాగారంలో పనిచేసే మామూలు కార్మికులు. ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. ఇద్దరూ కలిసి సంఘం కట్టి, కంపెనీ వదిలేసిన విషపు నేల మీద దశాబ్దాలు పోరాడి, 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకున్నారు.

అంత దూరం పోనక్కర్లేదంటారా? సరే. ముంబై హైవే మీద పడమరకు గంటన్నర పోదాం. ఇదే సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్, దాని పక్కన పస్తాపూర్. నాకు చెప్పాలని ఉన్నదంతా అక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

1983లో పుట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి మీలో చాలామందికి తెలుసు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేసి వచ్చిన పి.వి.సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023 మార్చి 19న కన్నుమూసేదాకా దాన్ని నడిపించారు. 70కి పైగా ఊళ్లలో సంఘాలు కట్టుకున్న ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు, చదువు లేనివాళ్లు, ఎకరం రెండెకరాల చెల్కలున్నవాళ్లు. ఆ చెల్కలు కూడా పడావు పడి ఉన్నవే. ఎందుకు పడ్డాయి? కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రాళ్ల నేలలో జొన్న వేసే ఓపిక ఎవరికుంటుంది? పేదల కడుపు నింపిన పథకమే పేదల భూమిని పడావు పెట్టింది. ఆ బియ్యం తప్పని నేననడం లేదు, ఆకలి తెలిసినవాళ్లెవరూ అనరు. ఈ ఆడవాళ్లు మాత్రం ఇంకో దారి చూశారు. తొంభైల నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో 30కి పైగా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని దున్నించారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. ఆ అప్పు తిరిగి కట్టేది డబ్బుతో కాదు, జొన్నలతో. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవచేసి, వానాకాలం పనుల్లేని రోజుల్లో పేదింటికి చవగ్గా అమ్మారు.

ఎవరు పేదలని తేల్చింది ఎవరనుకుంటున్నారు? రెవెన్యూ అధికారి కాదు. సంఘం ఆడవాళ్లు ఊరి నడుమ నేల మీద ముగ్గుతో ఊరి పటం వేసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, ఈ ఇంట్లో ముసలాయన మంచం పట్టాడు, ఆ ఇంట్లో మొగుడు వదిలేశాడు అని అందరి ముందూ తేల్చారు. మళ్లీ ఆ గొలుసు సంగతి గుర్తుచేసుకోండి. పటాన్‌చెరులో నష్టాన్ని కొలిచింది భూమి గొలుసు. పస్తాపూర్‌లో లేమిని కొలిచింది ఆ లేమి ఎరిగిన మనుషులు.

విత్తనం కథ కూడా అలాంటిదే. జొన్నలో కంది, అనుములు, పెసర, కొర్ర, సామ కలిపి చల్లడం అక్కడి పాత అలవాటు. ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది. ఆ విత్తనాలను బుట్టల్లో పోసి, బూడిద, వేపాకు కలిపి, పైన పేడమట్టితో మెత్తి దాచారు. అడిగినవాళ్లకు ఇచ్చారు, పంట వచ్చాక రెండింతలు తిరిగి తీసుకున్నారు. ఏటా సంక్రాంతి తర్వాత ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర మొదలుపెట్టారు. చేనులో విత్తకుండా మొలిచే దొగ్గలి, తుమ్మి, జొన్నచెంచలి లాంటి కూరలను లెక్క రాయించారు. పురుగుమందు కొట్టిన చేనులో ఆ కూర మొలవదు, మొలిచినా తినలేం. దళిత ఆడమనిషి చేతిలో డబ్బు లేని రోజున ఇంటికి కూర వచ్చేది ఆ గట్టు నుంచే. ఇక్కడ పటాన్‌చెరు బెల్టులో మనం పోగొట్టుకున్న వాటి జాబితా ఎప్పుడైనా ఎవరైనా రాస్తే వరి, కూరగాయలు, చేపలు రాస్తారు. గట్టు మీది కూర ఎవరికీ గుర్తురాదు.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది వాళ్ల రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట నమ్మి యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో స్టూడియో, టవరు కట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకుంటూ ఏళ్ల తరబడి ఆగారు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో ఇవ్వవచ్చని విధానం మారింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపింది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. వాళ్లది ఆ నేల భాష. కార్యక్రమాల్లో అన్నదమ్ముల భూమి తగాదాల నుంచి నువ్వుల పంట దాకా అన్నీ ఉంటాయి. వాళ్ల తోటి సంఘం ఆడవాళ్లు కెమెరా పట్టి వరంగల్ బీటీ పత్తి రైతుల మీద సినిమా తీశారు. బడి ముఖం చూడని మనుషులు తమ సాక్ష్యాన్ని తామే దాచుకోవడం నేర్చుకున్నారంటే అది మామూలు సంగతి కాదు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది.

ఇక్కడ కొంచెం నిక్కచ్చిగా మాట్లాడాలి. పస్తాపూర్‌ను తెచ్చి పటాన్‌చెరులో నాటలేం. అక్కడ భూమి కొంచెమైనా చేతిలో ఉంది, ఫ్యాక్టరీ గోడ పక్కన లేదు. వెనక ఒక సంస్థ నలభై ఏళ్లు నిలబడింది, బయటి నిధులు వచ్చాయి, ఒక మనిషి జీవితమంతా పెట్టాడు. ఇవన్నీ లేని చోట ఆడవాళ్లు సంఘం కడితే చాలు, అంతా మారిపోతుందనడం అబద్ధం. ఇక్కడి ఇళ్లల్లో మన పిల్లలే ఆ కంపెనీల్లో ప్యాకింగ్‌కు పోతున్నారు. నెల జీతం చూపించి అమ్మ నోరు మూయించడం తేలిక. పైగా జహీరాబాద్ నేల కూడా ఇప్పుడు భద్రంగా లేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాలకు పైగా నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, తయారీ మండలం) పేరుతో కేటాయించారు. చిరుధాన్యాలకు ప్రపంచ బహుమతి వచ్చిన నేల, భారీ పరిశ్రమల పటంలో ఉన్న నేల పక్కపక్కనే ఉన్నాయి. 

మరి ఈ పదేళ్లలో మారిందేమిటి? నష్టం జరిగాక ఏడవడం కంటే జరగకముందే అడ్డుపడాలన్న తెలివి పెరిగింది. ఆ తెలివిలో ఆడవాళ్లు ముందున్నారు. రంగారెడ్డి జిల్లా యాచారం మండలంలో ఫార్మాసిటీ వ్యతిరేక పోరాట కమిటీని కవుల సరస్వతి సమన్వయం చేశారు. వికారాబాద్ జిల్లా దుద్యాల మండలం లగచర్లలో 2024 నవంబరు 11న ఫార్మా గ్రామానికి భూసేకరణ మీద గొడవ జరిగి మగవాళ్లను అరెస్టు చేస్తే, తండాల లంబాడా ఆడవాళ్లు ఢిల్లీ దాకా వెళ్లి మానవ హక్కుల కమిషన్ ముందు, విలేకరుల ముందు నిలబడి మాట్లాడారు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా గ్రామం నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని, దాని స్థానంలో పారిశ్రామిక పార్కు అంది. మన జిల్లాలోనే గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో 2025 ఫిబ్రవరిలో నగరపు చెత్త డంప్‌యార్డు పనులు రాత్రికి రాత్రి మొదలైతే నల్లవల్లి, గుమ్మడిదల ఆడవాళ్లు దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. ఈ అమ్మలు పటాన్‌చెరును చూసినవాళ్లు. ఫార్మా అంటే ఏమిటో వాళ్లకు కరపత్రం పంచాల్సిన పని లేదు. లగచర్లలో ఆ రోజు అధికారుల మీద చెయ్యి చేసుకోవడాన్ని నేను సమర్థించను. అక్కడి ఆడవాళ్లు ఢిల్లీలో చెప్పింది మాత్రం తీసిపారేసేది కాదు.

వాళ్లు మాట్లాడాల్సిన చోటు దీక్షా శిబిరం కాదు. చట్టం ప్రకారం బహిరంగ విచారణ ఉండాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో ఆ ఏర్పాటుంది. అందులోనే ఒక మినహాయింపు కూడా ఉంది. అనుమతి పొందిన పారిశ్రామికవాడ లోపల పెట్టే యూనిట్లకు విడిగా విచారణ అక్కర్లేదు. అంటే కాలుష్యం ఎక్కడ ఎక్కువ పేరుకుందో అక్కడే మాట అడిగేవాళ్లు తక్కువ. 2020 మార్చి 27న, కరోనా కట్టడి మొదలైన మూడో రోజున, బల్క్‌డ్రగ్ యూనిట్లను విచారణ అవసరం లేని తరగతిలోకి మార్చారు. మందుల కొరత వస్తుందన్నారు. తాత్కాలికమే అన్నారు, తర్వాత గడువు పొడిగించారు.

ఇక మన వెలిమెల సంగతి. 2018లో ఈ ఊరు తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిసింది. రోడ్లు బాగుపడ్డాయి, భూమి ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఎవరూ కాదనరు. కాని పంచాయతీతో పాటు గ్రామసభ పోయింది. సంవత్సరానికి కొన్నిసార్లైనా ఊరి జనమంతా కూర్చుని సర్పంచ్‌ను నిలదీసే హక్కున్న చోటు అది. అక్కడ ఆడవాళ్లు ఎంత మాట్లాడేవాళ్లన్నది వేరే మాట. లేచి నిలబడితే వినక తప్పేది కాదు. ఉపాధి హామీ పని కూడా పోయింది, అది పల్లెలకే కదా. పొదుపు సంఘాలు పల్లె శాఖ నుంచి పట్టణ శాఖకు మారాయి. అప్పులూ కిస్తీలూ నడుస్తున్నాయి, ఊరి నీళ్ల మీద మాట్లాడే అలవాటు మాత్రం వాటికి ఎవరూ చేయలేదు. పటాన్‌చెరు బెల్టులో ఊరి తర్వాత ఊరు ఇలా నగరంలో కరిగిపోతోంది. ఊరు పెద్దదయ్యే కొద్దీ ఆడమనిషి మాట వినే చోటు చిన్నదవుతోంది. నాకు కనిపించే అసలు సమస్య ఇది.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. గేటు బయట కూర్చుని తమవాళ్ల కోసం ఎదురుచూసిన ఆడవాళ్లలో చాలామందికి మన భాష రాదు. ఈ ఊళ్లలో కాలుష్యం మీద కట్టే ఏ సంఘమైనా ఇక వాళ్లను కూడా కలుపుకోవాలి. అద్దె గదిలో ఉండే ఒడియా అమ్మాయి కూడా మన బోరు నీళ్లే తాగుతోంది.

చివరగా ఒక పని అడుగుతాను. ఇక్కడ పొదుపు సంఘాలున్నాయి, వాటికి మినిట్స్ పుస్తకాలున్నాయి, రాసే చదువుకున్న ఆడపిల్లలున్నారు. ప్రతి సంఘం ఒక నీళ్ల పుస్తకం పెట్టండి. ఏ వీధి బోరు, ఏ తారీఖు, రంగు ఎలా ఉంది, వాసన ఉందా, పప్పు ఉడికిందా, చెరువులో చేపలు తేలాయా, బర్రె ఈసుకుపోయిందా, ఎవరికి ఏ జబ్బు వచ్చింది. చూసినామె పేరు, సంతకం. సంతకం రాకపోతే వేలిముద్ర. నెలకొకసారి ఆ పేజీల నకలు తీసి కాలుష్య నియంత్రణ మండలికి స్పీడ్ పోస్టులో పంపండి. జల కాలుష్య చట్టంలోనే 49వ సెక్షన్ ఉంది. 60 రోజుల ముందు నోటీసిచ్చి మామూలు మనిషి కూడా కాలుష్యం మీద ఫిర్యాదు వేయవచ్చు. అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. ఆ నోటీసు ఎలా రాయాలో తెలిసిన లాయర్లు సంగారెడ్డిలో ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు ఈ సభలోనే ముందు వరసలో కూర్చున్నారు. దయచేసి సభ అయ్యాక వెళ్లిపోకండి. మొదటి నోటీసు ఎవరి పేరు మీద ఇవ్వాలో ఈ అమ్మలతో కూర్చుని ఇవాళే తేల్చండి.